మున్సిపాలిటీ వెబ్‌సైటు చెవికి అందేదాకా: పన్నెండు వారాల పని డైరీ

పని పరిధి

కోస్తాలోని ఒక మున్సిపాలిటీ వెబ్‌సైటు ఇది. ఆస్తి పన్ను, కుళాయి కనెక్షను, జనన మరణ ధ్రువపత్రాలు, ఫిర్యాదులు, టెండర్లు, కౌన్సిల్ తీర్మానాలు అన్నీ ఇందులోనే. చూపు లేనివాళ్లు, చూపు మందగించినవాళ్లు, వినపడనివాళ్లు, చేతులు సరిగా ఆడనివాళ్లు పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోకుండా ఈ పనులు చేసుకోగలగాలి.

కొలబద్ద ఏదన్న విషయంలో చర్చ పెట్టుకోలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షను సమాచార మాధ్యమాలు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2023లో వచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0 మార్గదర్శకాలు అంతర్జాతీయ వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1లో ఏఏ స్థాయిని అడుగుతున్నాయి. అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేయడం చెల్లదని, తప్పనిసరి నిబంధనలు రాయాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్ల్యూసీఏజీ 2.2 నుంచి మరో రెండు కలుపుకున్నాం: నొక్కే బటన్ కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలి, కీబోర్డుతో చేరిన చోటు పైన అతుక్కుని ఉండే పట్టీ కింద దాక్కోకూడదు.

1వ వారం: మౌస్ పక్కన పెట్టి

ఏ పరికరంతోనూ స్కాన్ చేయకముందే మౌస్ తీసేసి హోంపేజీ తెరిచాం. ట్యాబ్ నొక్కుతూ పోతే ఎక్కడున్నామో తెలియలేదు. స్టైల్ షీటులో ఎవరో ఆ చోటు చుట్టూ కనిపించే గీతను (అవుట్‌లైన్) సున్నా చేసి పెట్టారు. డిజైన్ నున్నగా కనిపించాలని చాలా సైట్లలో చేసే పనే ఇది. చూపున్నా మౌస్ పట్టుకోలేని మనిషికి మాత్రం ఈ ఒక్క వరుసతో సైటు మూతపడుతుంది. ఆ వరుస తీసేసి, ఫోకస్ (కీబోర్డు ఇప్పుడున్న చోటు) చుట్టూ 3 పిక్సెళ్ల ముదురు నీలం గీత, దానికీ బటన్‌కూ మధ్య 2 పిక్సెళ్ల తెల్ల ఖాళీ పెట్టాం. తెల్ల ఖాళీ ఎందుకంటే నీలం బటన్ మీద నీలం గీత కలిసిపోతుంది.

మెనూ మౌస్ పైకి వస్తేనే తెరుచుకునేది. ఇప్పుడు ప్రతి విభాగం పేరూ నిజమైన బటన్. ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది, ఎస్కేప్ కొడితే మూసుకుని ఫోకస్ మళ్లీ ఆ బటన్ మీదికే వస్తుంది. తెరిచి ఉందా మూసి ఉందా అన్నది కోడులోని ‘ఏరియా ఎక్స్‌పాండెడ్’ అనే గుర్తు ద్వారా స్క్రీన్ రీడర్‌కు (తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) తెలుస్తుంది. పేజీ మొదట్లోనే ‘ముఖ్య విషయానికి వెళ్లండి’ అనే లింకు పెట్టాం. ఫోకస్ వచ్చినప్పుడు అది కంటికి కూడా కనిపించాలి.

పైన పరుగెత్తే తాజా వార్తల పట్టీని తీసేశాం. ఐదు సెకన్లకు మించి దానంతటదే కదిలేదానికి ఆపే బటన్ ఉండాలన్నది నియమం. బటన్ పెట్టి దాన్ని బతికించడంకన్నా ఐదు వార్తల మామూలు జాబితాయే మేలు.

పేజీలోని లోపాల్ని తామే వెతికే యాక్స్, వేవ్ లాంటి పరికరాలు ఆ తర్వాతే నడిపాం. లేబుల్ లేని పెట్టెను, ఆల్ట్ (బొమ్మ బదులు వినిపించే వివరణ) లేని బొమ్మను అవి పట్టుకుంటాయి. ఆల్ట్‌లో ‘ఇమేజ్1’ అని ఉంటే మాత్రం చాలాసార్లు బాగానే ఉందంటాయి.

2, 3 వారాలు: ఈ పేజీ ఏ భాషలో ఉంది?

పేజీ నిండా తెలుగే. హెచ్‌టీఎంఎల్ మొదటి ట్యాగులో భాష మాత్రం ‘ఈఎన్’ అని ఉంది. టెంప్లేటు ఎక్కడి నుంచో తెచ్చుకున్నప్పుడు మిగిలిపోయిన ముక్క అది. దాన్ని చూసి స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతు ఎత్తుకుంటుంది. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన గొంతు ముందు తెలుగు అక్షరాలు పెడితే చాలాసార్లు వాటిని మౌనంగా దాటేస్తుంది. అంకెలు, విరామచిహ్నాలు మాత్రం వినిపిస్తాయి. పన్ను పేజీ అంతా విన్నాక చెవిలో మిగిలింది కొన్ని సంఖ్యలే. ‘టీఈ’ అని రెండక్షరాలు మార్చగానే పేజీ మాట్లాడింది.

ఇక్కడ ఎదురయ్యే ఇంకో పొరపాటు అతి జాగ్రత్త. తెలుగు వాక్యంలో వచ్చే ప్రతి ఇంగ్లిష్ మాటకూ విడిగా ‘ఈఎన్’ గుర్తు పెడితే గొంతు వాక్యం మధ్యలో రెండు మూడుసార్లు మారుతుంది. మారినప్పుడల్లా చిన్న ఆగుడు. అందుకని ఆన్‌లైన్, కనెక్షన్, రసీదు లాంటివన్నీ తెలుగు లిపిలోనే ఉంచాం. పూర్తి ఇంగ్లిష్ వాక్యానికో, పేరాకో మాత్రమే భాష గుర్తు పెట్టాం.

పరీక్షకు రెండు జతలు పెట్టుకున్నాం. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, దానితోపాటే వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్, గూగుల్ తెలుగు గొంతు. ఈస్పీక్ మరమనిషిలా పలుకుతుంది కానీ వేగం పెంచినా మాట తెలుస్తుంది. రెండూ ఉచితమే. కాబట్టి ఏ మున్సిపాలిటీ అయినా ఖర్చు సాకు చెప్పక్కర్లేదు.

చెవితో వింటే తప్ప బయటపడనివి ఇక్కడే దొరికాయి:

‘రూ.1,250/-’ అన్నప్పుడు ‘రూ’ దగ్గర ఆగి, చివర గీతల పేర్లు కూడా చదివింది. ‘1,250 రూపాయలు’ అని మార్చాం. చుక్కలతో రాసిన ‘05.03.2025’ను తేదీగా గుర్తుపట్టలేదు. ‘2025 మార్చి 5’ అయింది. ‘డో.నెం.’ అన్నది ‘ఇంటి నంబరు’ అయింది. పదంకెల ఆస్తి పన్ను అసెస్‌మెంట్ నంబరును కోట్లు, లక్షలు అంటూ ఒకే సంఖ్యగా చదివేసింది. అది విని రాసుకోవడం ఎవరి వల్లా కాదు. తెర మీద మూడు, మూడు, నాలుగు అంకెలుగా విడదీసి చూపిస్తున్నాం. కాపీ బటన్ విడదీయని నంబరే ఇస్తుంది.

సైటులోని వెతుకులాట పెట్టె కూడా ఈ వారాల్లోనే బాగుపడింది. ‘వెబ్‌సైట్’లో పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి ఉంటుంది. అది లేకుండా టైపు చేసిన మాట దానితో కలవదు. ఐత్వం కూడా అంతే. ఒకే గుర్తుగానూ, ఎత్వం మీద ఐత్వపు గీత కలిపి రెండు గుర్తులుగానూ రాయొచ్చు. కంటికి తేడా తెలియదు, యంత్రానికి మాత్రం రెండు వేర్వేరు మాటలు. ఇండెక్సులో చేరే పాఠాన్నీ, వెతికే మాటనూ ముందు ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి జంట రూపాల్ని ఒకటి చేసే పద్ధతి) మార్చి, ఆ కనిపించని గుర్తు తీసేసి పోలుస్తున్నాం. నంబరు, నెంబరు, నెంబర్ అనే మూడు వాడుకలకూ చిన్న సమానార్థక పట్టిక పెట్టాం. గొంతుతో టైపు చేసేవాళ్లకు ఏ రూపం వస్తుందో వాళ్ల చేతిలో ఉండదు.

4 నుంచి 6 వారాలు: పీడీఎఫ్‌లు

అసలు బరువంతా ఇక్కడే. మూడు వారాలు అనుకున్నాం, మూడూ చాలలేదు.

సైటులోని పీడీఎఫ్‌లు మూడు రకాలు. మొదటిది సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసి ఎక్కించినది. స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ పేజీ. రెండోది ‘అను’ అనే పాత ఫాంట్లలో డీటీపీ చేసినది. ఇది ఖాళీ పేజీకన్నా ఘోరం. ఆ ఫాంట్లలో తెలుగు ఆకారాలు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుంటాయి. కంటికి చక్కటి తెలుగు. లోపల అర్థం లేని రోమన్ అక్షరాల వరస. స్క్రీన్ రీడర్ ఆ వరసనే ఒక్కో గుర్తుగా చదువుతూ పోతుంది. మూడోది యూనికోడ్‌లోనే (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానం ఉన్న పద్ధతి) టైపు చేసి, పీడీఎఫ్ చేసేటప్పుడు చెడగొట్టినది.

ఏ రకమో తేల్చడానికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. పీడీఎఫ్ తెరిచి అంతా ఎంచి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఏమీ రాకపోతే స్కాన్. రోమన్ గుర్తులొస్తే పాత ఫాంటు. తెలుగే వస్తే ‘స్త్రీ’, ‘దరఖాస్తు’, ‘పరీక్ష’, ‘కార్యాలయం’ అన్న మాటల్ని అందులో వెతకండి. ఒత్తు విడిపోయి, గుడి పక్క అక్షరానికి అంటుకుని కనిపిస్తే మూడో రకం. అర నిమిషం పని.

అన్నింటినీ బాగుచేయాలని కూర్చుంటే ఏడాదైనా తెమలదు. కాబట్టి వాడకాన్ని బట్టి విడదీశాం. పన్ను రేట్లు, ఫీజులు, పథకాల అర్హతలు, అమల్లో ఉన్న నోటీసులు పూర్తిగా వెబ్ పేజీలుగా మారాయి. సంతకం ఉన్న పీడీఎఫ్ కింద జతగా ఉంటుంది. దరఖాస్తు ఫారాలు ఆన్‌లైన్ ఫారాలయ్యాయి. పాత తీర్మానాలకు ఒక్కోదానికీ తేదీ, విషయం, నిర్ణయం మూడు వాక్యాల్లో రాసి, ‘చదవగలిగే ప్రతి కావాలి’ అనే బటన్ ఇచ్చాం. అడిగిన ఏడు రోజుల్లో ఇవ్వాలి. ఈ గడువు మాటవరసకు పెట్టినది కాదు. ఫిర్యాదుల రిజిస్టరులోనే దీనికీ ఒక వరుస ఉంది.

అను నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు చాలామంది పాఠాన్ని కాపీ చేసి కన్వర్టర్‌లో పోస్తారు. కాపీలో ఫాంటు సమాచారం పోతుంది. అప్పుడు మధ్యలో ఉన్న అసలైన ఇంగ్లిష్ మాటలు, ఈమెయిల్ చిరునామాలు కూడా తెలుగు చెత్తగా మారిపోతాయి. మూల ఫైలు సంపాదించి, అను ఫాంటులో ఉన్న ముక్కల్ని మాత్రమే మార్చాలి. ఆ తర్వాత కూడా రెండు ఒత్తులున్న అక్షరాలు, ఋత్వం, పొల్లు ఉన్న మాటలు చదివి చూసుకోవాలి.

స్కాన్లకు టెసెరాక్ట్ వాడాం. బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి పాఠంగా మార్చే (ఓసీఆర్) సాఫ్ట్‌వేర్ ఇది. తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల ఫైళ్లూ కలిపి ఇవ్వాలి, లేకపోతే సెక్షన్ల పేర్లు తెలుగు అక్షరాల ముద్దగా వస్తాయి. స్కాన్ 300 డీపీఐకి తగ్గకూడదు. కాగితం రెండు డిగ్రీలు వాలినా ఒత్తులు కింది వరుసలో కలిసిపోతాయి. వ–ప, ద–ధ జంటల్ని మార్చి చదువుతుంది. అన్నిటికన్నా ప్రమాదం సున్న. అక్షరం పక్కనున్న పూర్ణానుస్వారానికీ, అంకె 0కీ తేడా పోగొట్టుకుంటుంది. పన్ను మొత్తంలో ఒక 0 జారిపోతే దాన్ని అక్షరదోషం అని సర్దుకోలేం, తప్పు సమాచారం ఇచ్చినట్టే. అందుకే అంకెలున్న పట్టికలకు ఓసీఆర్ మానేశాం. ఒకరు చదువుతుంటే ఒకరు టైపు చేశారు.

ఇకమీదట కొత్త పీడీఎఫ్‌లు చెడకుండా: వర్డ్‌లో ‘ప్రింట్ టు పీడీఎఫ్’ వద్దు. అందులో శీర్షికలు, పట్టికలు, చదివే వరస తెలిపే ట్యాగులన్నీ రాలిపోతాయి. ‘సేవ్ యాజ్’లో పీడీఎఫ్ ఎంచి, ఆప్షన్లలో అందుబాటు ట్యాగుల గడి టిక్ చేయాలి. శీర్షికను లావు చేస్తే సరిపోదు, హెడింగ్ స్టైల్ ఇవ్వాలి. ఇంత చేసినా ఒత్తులు చెడవచ్చు. ఎక్కించేముందు నోట్‌ప్యాడ్ పరీక్ష తప్పదు.

7వ వారం: రంగు, అక్షరం

శీర్షిక పట్టీ కాషాయం, రంగు కోడు ‘ఎఫ్‌ఎఫ్9933’. దాని మీద తెల్ల అక్షరాలు. కాంట్రాస్టు (అక్షరానికీ, వెనక రంగుకూ వెలుగులో తేడా) 2.1:1 వచ్చింది. మామూలు అక్షరానికి 4.5:1, పెద్ద అక్షరానికి 3:1 ఉండాలి. అదే ఛాయలో ముదురుగా ‘ఏ84300’ తీసుకుంటే 6:1 దాటింది. పాత రంగు కావాలని పట్టుబట్టేవాళ్లుంటే కాషాయం అలాగే ఉంచి అక్షరాలు నల్లగా చేసినా చాలు. చిన్న సమాచారానికి వాడిన ‘999999’ బూడిదరంగు తెలుపు మీద 2.85:1 మాత్రమే. ‘595959’ చేస్తే 7:1.

తెలుగు అక్షరానికి ఇంగ్లిష్ టెంప్లేటు కొలతలు సరిపోవు. మనకు పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద మరో ఒత్తు. వరుస ఎత్తు అక్షరం పరిమాణానికి 1.2 రెట్లే ఉంటే ‘స్త్రీ’లో కింది ఒత్తు తర్వాతి వరుస తలకట్టును తాకుతుంది. నోటో సాన్స్ తెలుగులో 18 పిక్సెళ్లకు సమానమైన పరిమాణం, వరుస ఎత్తు 1.7 దగ్గర స్థిరపడ్డాం. బటన్లకు ఎత్తు 36 పిక్సెళ్లని బిగించి, మించినది దాచమని రాసి ఉండటంతో ఒత్తులు సగానికి తెగాయి. ఎత్తు బిగించడం మానేసి లోపలి ఖాళీతో సరిపెట్టాం. ఇటాలిక్ పూర్తిగా తీసేశాం. ఫాంటులో వాలు రూపం లేకపోతే బ్రౌజరు అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది. చూపు తక్కువున్నవాళ్లకు ఒత్తు ఏ అక్షరం కిందదో తెలియకుండా పోతుంది.

1280 పిక్సెళ్ల తెరలో జూమ్ 400 శాతానికి పెంచితే వెడల్పు 320 పిక్సెళ్లే మిగులుతుంది. అక్కడ ‘దరఖాస్తుదారుని’ లాంటి పొడుగు మాటలు పెట్టె దాటి పోయాయి. గ్రిడ్ గడుల కనీస వెడల్పు సున్నా చేసి, మాట పట్టకపోతేనే విరిచేలా రాశాం.

కుడివైపు ఒక బయటి సంస్థ అందుబాటు విడ్జెట్ ఉండేది. నొక్కితే అక్షరాలు పెరుగుతాయి, రంగులు తిరగబడతాయి, ఇంగ్లిష్‌లో చదువుతుంది. తీసేశాం. లేబుల్ లేని ఫారానికి అది లేబుల్ ఇవ్వలేదు, స్కాన్‌ను చదవలేదు. పైగా దాని కీబోర్డు షార్ట్‌కట్‌లు ఎన్‌వీడీఏ షార్ట్‌కట్‌లతో ఢీకొన్నాయి. దానికి ఏటా కట్టే డబ్బుతో ఎన్ని పీడీఎఫ్‌లు టైపు చేయించవచ్చో లెక్కేసి ఫైలులో పెట్టాం.

8, 9 వారాలు: ఫారాలు

ఫిర్యాదు ఫారంలో పెట్టె లోపల లేత రంగులో ‘మీ పేరు’ అని ఉంది, బయట లేబుల్ లేదు. టైపు చేయడం మొదలుపెట్టగానే ఆ మాట మాయం. మరుపు ఉన్నవాళ్లకూ, పెద్ద వయసువాళ్లకూ అది ఏ గడియో మళ్లీ తెలియదు. ప్రతి గడికీ పైన శాశ్వతమైన లేబుల్ పెట్టాం.

అసెస్‌మెంట్ నంబరు గడి ‘నంబర్’ రకంలో ఉంది. అలా ఉంటే మొదట్లో ఉన్న 0 ఎగిరిపోవచ్చు, మౌస్ చక్రం తగిలితే అంకె మారిపోతుంది, స్క్రీన్ రీడర్ దాన్ని పెంచి తగ్గించే గడి అంటుంది. దాన్ని ‘టెక్స్ట్’ చేసి, ఇన్‌పుట్ మోడ్ ‘న్యూమరిక్’ ఇచ్చాం. ఫోన్‌లో అంకెల కీబోర్డే వస్తుంది, ఆ తిప్పలుండవు. పుట్టిన తేదీకి క్యాలెండరు తీసేసి రోజు, నెల, సంవత్సరం అని మూడు గడులు. అరవై ఏళ్లు వెనక్కి నెలనెలా నొక్కుకుంటూ పోవాల్సిన పని ఎవరికీ ఉండకూడదు.

తప్పు జరిగితే గడి అంచు ఎర్రబడేది, అంతే. ఇప్పుడు పైన ‘2 చోట్ల సరిచేయాలి’ అని పెట్టె వస్తుంది, ఫోకస్ దాని మీదికి వెళ్తుంది, ఒక్కో వాక్యం ఆ గడికి లింకు. ‘చెల్లని విలువ’ అని రాయడం మానేశాం. ‘సెల్ నంబరులో పది అంకెలు ఉండాలి, మీరు తొమ్మిది ఇచ్చారు’ అని రాస్తున్నాం.

వంకర అక్షరాల క్యాప్చా పోయింది. దాని పక్కన వినే బటన్ ఉంది కానీ గొంతు ఇంగ్లిష్, వెనకాల కావాలని కలిపిన రొద. దాని బదులు మనుషులకు కనిపించని ఒక ఉచ్చు గడి (దాన్ని నింపితే అది యంత్రమని తెలుస్తుంది), ఒకే చోటి నుంచి నిమిషానికి వచ్చే అభ్యర్థనలకు సర్వర్‌లో పరిమితి, చివర ఓటీపీ. ఉచ్చు గడిని స్క్రీన్ రీడర్ నుంచీ, ట్యాబ్ వరస నుంచీ కూడా దాచాలి. ఇది మరిస్తే చూపులేనివాళ్లే ఆ ఉచ్చులో పడతారు. మొదటి రూపంలో సరిగ్గా అదే జరిగింది. పరీక్షలో దొరికింది.

ఓటీపీ గడువు రెండు నిమిషాలుండేది. టాక్‌బ్యాక్‌తో మెసేజీ తెరిచి, అంకెలు విని, గుర్తుపెట్టుకుని, తిరిగి వచ్చేసరికి అది అయిపోతుంది. పది నిమిషాలు చేశాం. గడికి ఆటోకంప్లీట్ ‘వన్ టైమ్ కోడ్’ ఇవ్వడంతో చాలా ఫోన్లలో కీబోర్డే అంకెల్ని అందిస్తోంది.

10వ వారం: బొమ్మలు, వీడియోలు

సదరం శిబిరం ప్రకటన సైటులో వాట్సాప్ పోస్టరు బొమ్మగా ఉంది. వైకల్య ధ్రువపత్రం కోసం చూపులేని మనిషి రావాల్సిన శిబిరం అది. తేదీ, చోటు, తేవాల్సిన కాగితాలు అన్నీ బొమ్మలోనే. ఈ పనంతా ఎందుకని అడిగినవాళ్లకు చూపించడానికి ఆ ఒక్క పేజీ చాలు. ఇప్పుడు వివరాలన్నీ పాఠంగా ఉన్నాయి, పోస్టరు కింద ఉంది, దాని ఆల్ట్ ఖాళీ. ఒకే సంగతి రెండుసార్లు వినిపించక్కర్లేదు.

వార్డుల మ్యాపుకు ఆల్ట్‌లో ‘వార్డుల పటం’ అంటే ఒరిగేదేమీ లేదు. మ్యాపు కింద పట్టిక వేశాం: వార్డు నంబరు, నాలుగు సరిహద్దులు, సచివాలయం చిరునామా, ఫోను. కలిపేసిన గడులు ఒక్కటీ లేవు. వరుస శీర్షికలకు, నిలువు శీర్షికలకు స్కోప్ (ఏ గడులకు అది శీర్షికో చెప్పే గుర్తు) ఇచ్చాం. అదే పట్టికలో మెట్లు ఎన్ని, ర్యాంపు ఉందా, వాలు 1:12 లోపలే ఉందా అని కూడా చేర్చాం. చక్రాల కుర్చీలో వచ్చే మనిషికి ఇది ఇంటి దగ్గరే తెలియాలి.

తుపాను హెచ్చరికల పేజీని విడిగా, బొమ్మల్లేకుండా, 100 కేబీ లోపు ఉంచాం. కొత్త హెచ్చరిక రాగానే స్క్రీన్ రీడర్ చదవాలి కాబట్టి అక్కడ మాత్రమే లైవ్ రీజియన్ (మారగానే చదివి వినిపించే చోటు) ‘అసర్టివ్’, అంటే వెంటనే. మిగతా చోట్ల ‘పొలైట్’, అంటే చదువుతున్నది అయ్యాక. అంతటా అసర్టివ్ పెడితే చదువుతున్న వాక్యం మధ్యలో తెగిపోతుంటుంది.

కౌన్సిల్ సమావేశాల వీడియోలన్నిటికీ తెలుగు సబ్‌టైటిళ్లు ఇంకా వేయలేదు. అప్పటిదాకా నిమిషాల గుర్తులతో రాతపూర్వక సారాంశం పెడుతున్నాం. పుట్టుకతో వినపడనివాళ్లలో చాలామందికి రాత తెలుగు కూడా రెండో భాషే. వాళ్ల మొదటి భాష సంజ్ఞలది. అందుకని తుపాను సూచనల మీద భారతీయ సంజ్ఞా భాషలో ఒక చిన్న వీడియోకు అంచనా వేసి పంపాం.

11వ వారం: వాడేవాళ్లతో

రోజూ స్క్రీన్ రీడర్ వాడే ఇద్దరు, చూపు తక్కువున్నవారు ఒకరు, ఒక వేలితోనే ఫోను వాడేవారు ఒకరు. వాళ్ల సమయానికి డబ్బు కట్టించాం. ఇచ్చిన పనులు నాలుగు: పన్ను ఎంతో చూడటం, వీధిలైటు ఫిర్యాదు, జనన ధ్రువపత్రం దరఖాస్తు, తమ వార్డు సచివాలయం ఫోను నంబరు. మధ్యలో సాయం చేయలేదు.

మేం ఊహించనివి రెండు దొరికాయి. ‘ఇక్కడ నొక్కండి’, ‘మరింత చదవండి’ అన్న లింకులు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు పేజీ మొత్తం వినరు, లింకుల జాబితా తెరుస్తారు. అందులో పదిహేను ‘ఇక్కడ నొక్కండి’లు వరసగా వినిపించాయి. ప్రతి లింకులోనూ అది ఎక్కడికో రాశాం. రెండోది భాష. ‘విజ్ఞాపనము సమర్పించుము’ అన్న బటన్ దగ్గర ఒకరు ఆగి, ‘ఇది పంపడమేనాండీ?’ అన్నారు. ‘ఫిర్యాదు పంపండి’ అని మార్చాం.

12వ వారం: అప్పగింత, మిగిలినవి

సైటులో రోజూ ఎక్కించేది సెక్షన్ గుమస్తాలు, కంప్యూటర్ ఆపరేటర్లు. కోడు ఎంత బాగున్నా రేపు ఒక స్కాన్ ఎక్కితే కథ మొదటికొస్తుంది. అందుకని అడ్మిన్ పేజీలోనే అడ్డుకట్టలు పెట్టాం. ఆల్ట్ గడి నింపకుండా, లేదా ‘అలంకారం మాత్రమే’ అని టిక్ చేయకుండా బొమ్మ ఎక్కదు. పీడీఎఫ్ ఎక్కించగానే సర్వర్ అందులోని పాఠం బయటికి తీసి, తెలుగు యూనికోడ్ అక్షరాలు లేకపోతే ఆపి, ‘ఈ ఫైలు చదవడానికి రాదు, వివరాలు కింద టైపు చేయండి’ అని గడి చూపిస్తుంది. పూర్తిగా ఇంగ్లిష్ టెండర్లకు మినహాయింపు టిక్ ఉంది. దాన్ని ఎవరు ఎన్నిసార్లు వాడారో నెలకోసారి కమిషనర్‌కు జాబితా వెళ్తుంది.

తేలనివి: పన్ను కట్టే పేజీ మన చేతిలో లేదు, ఉమ్మడి చెల్లింపు పోర్టల్‌కు వెళ్తుంది. అక్కడ గడులకు లేబుళ్లు లేవు. ఏ గడి, ఏ నియమం, ఎన్‌వీడీఏ ఏమని చదివింది అన్న వివరాలతో రాతపూర్వకంగా పంపాం. అది బాగయ్యేదాకా పక్కనే వార్డు సచివాలయంలో కట్టే దారి, ఫోను నంబరు పాఠంగా ఇచ్చాం. ధ్రువపత్రం పీడీఎఫ్ సర్వర్‌లో తయారవుతుంది, పేర్లలోని ఒత్తులు కాపీలో ఇంకా విడిపోతున్నాయి. ఆ లైబ్రరీ మార్చి ‘లక్ష్మీ’, ‘కృష్ణ’, ‘సుబ్బారాయుడు’ పేర్లతో మళ్లీ నోట్‌ప్యాడ్ పరీక్ష చేయాలి.